మంద కట్టిన పార్కు

గురువారం పొద్దున, గడ్డిలో ఎవరో పారేసిన బిస్కెట్ కవరు ఏరుదామని వంగి చెయ్యి పెట్టాను. అరచేతిలో సూది దిగినట్టయింది. లాక్కుని చూస్తే రక్తపు బొట్టు. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని పాయలు తీసి చూశాను. అగ్గిపుల్లంత మోడు ఒకటి, దాని పక్కనుంచి రెండు పిల్ల కొమ్మలు, చింతాకు మాదిరి సన్నటి ఆకులు, ప్రతి ఆకు మొదట్లో ఒక ముల్లు. సర్కారు తుమ్మ. మేం కంప అంటాం. పెన్న ఒడ్డు పొడుగునా ఉండేది ఇదే.

పక్కనే ఇంకోటి. జానెడు దూరంలో మరోటి. నాలుగడుగులు అవతల కూర్చుని మళ్ళీ పాయలు తీశాను. అక్కడా ఉన్నాయి.

సోమవారం పొద్దున అయిదున్నరకు ఆ గడ్డి మీదికి అరవైమంది పిల్లలు ఉత్త కాళ్ళతో రాబోతున్నారు. మున్సిపాలిటీ వేసవి శిబిరం, ఖోఖో. ఆ ముళ్ళను అక్కడ నాటిన మనిషిని నేనే.

నా పేరు చెన్నకేశవ. ప్రొద్దుటూరు రాళ్ళకుంట కాలనీ పార్కులో ఎనిమిదేళ్ళుగా పని చేస్తున్నాను. గేటు తీసేది నేనే, నీళ్ళు పట్టేది నేనే, ఉయ్యాల గొలుసు తెగితే కట్టేదీ నేనే. ఔట్‌సోర్సింగు ఉద్యోగం. వద్దనుకుంటే ఒక్క ఫోనుతో ఇంటికి పంపిస్తారు. అంతకు ముందు గొర్రెలు కాసేవాణ్ణి. చదువు ఏడో తరగతి దాకా. నాకు తెలిసిందల్లా గొర్రెలూ గడ్డీ. ఈసారి ఆ తెలివే నా కొంప ముంచింది.

ఫిబ్రవరికల్లా పార్కులో గరిక ఎండిపోయి గోనెపట్టా రంగుకు వచ్చింది. పొద్దునే నడకకు వచ్చే ప్రమీలమ్మ రోజూ దెప్పేది. మైలవరం డ్యాము కింద పెద్ద సేద్యం ఉన్న ఇల్లు వాళ్ళది, మాట కొంచెం గట్టి.

"ఏమప్పా చెన్నకేశవా, ఇది పార్కా, కల్లమా? ఒకసారి పులివెందులకు పోయి చూసిరాపో, పార్కంటే ఎట్లుంటాదో."

నాకు రోషం వచ్చింది. మా బామ్మర్ది శివశంకర్‌కు నూటయాభై గొర్రెలు. వాడు రైతుల చేన్లకు మంద కడతాడు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మంద కట్టడమంటే గొర్రెలను రాత్రిపూట చేన్లో దడి కట్టి పడుకోబెట్టడం. వాటి పెంటా మూత్రమూ నేలకు పడతాయి. అంతకు మించిన ఎరువు లేదని మా వాళ్ళ నమ్మకం, నా నమ్మకం కూడా. ఎవరినీ అడగకుండా వాడి మందను రెండు రాత్రులు పార్కులో కట్టించాను. తెల్లవారకముందే తోలేసి, చీపురుతో దారులు ఊడ్చి, నీళ్ళు వదిలాను.

ఉగాది దాటేసరికి గడ్డి చీలమండ మునిగేట్టు లేచింది. ప్రమీలమ్మ నోరు మూతపడింది. మున్సిపాలిటీలో పార్కులు చూసే హరినాథ్ సారు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. "ఏం మందు కొట్టినావు చెన్నకేశవా?" అని నా భుజం తట్టాడు. ఏటా హైస్కూలు గ్రౌండులో పెట్టే పిల్లల శిబిరాన్ని ఈసారి మా పార్కులో పెడతామన్నాడు. ఆ రోజు ఇంటికి ఎట్లా పోయానో తెలియదు, కాళ్ళు నేల మీద లేవు.

ఏప్రిల్లో గడ్డి మధ్యలో ఏవో చిన్న మొలకలు కనిపించాయి. ఏదో కలుపులే అనుకుని గడ్డికోసే మిషను తోలాను. మళ్ళీ మొలిచాయి. మళ్ళీ తోలాను. ఇప్పుడు చేతిలో రక్తం వచ్చాక తెలిసింది నేను ఏం కోశానో.

పార్కు మూలనున్న నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి శివశంకర్‌కు ఫోన్ చేశాను.

"ఏం బావా, పొద్దున్నే?"

"పార్కు నిండా కంప మొలిచిందిరా."

"మొలవదా మరి? ఆ నెల్లో మంద పెన్నలోనే మేస్తాండె. కంపకాయలు తప్ప ఏం ఉండె ఆడ? కాయ అరుగుతాది, గింజ అట్లే బయట పడుతాది. ఔ బావా, మంద లేపినాక దున్నినావు గదా?"

"పార్కులో యాడ దున్నేదిరా?"

వాడు నవ్వాడు చూడండి, ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"ఓయమ్మ, బావా! చేన్లో అయితే మర్నాడే మడక తోల్తారు, మొలకంతా పోతాది. దున్నకుండా మంద కట్టించుకున్నోడు ఈ జిల్లాలో నువ్వొక్కనివే. గొర్రెలు కాసిన బుద్ధి యాడ పాయ?"

"నవ్వు మాని చెప్పరా. రెండు తూర్లు మిషనుతో కోసినా."

వాడి నవ్వు ఆగింది. "కోసినావా? కోస్తే ఒకటి రెండైతాది బావా. మోడు గట్టిపడి ఇనప మేకు మాదిరైతాది. నీళ్ళు పెట్టి, నానినాక వేరుతో సహా పీకల్ల. ఒకటొకటి. వేరే దావ లేదు. ఎందుకు అంత గాబరా పడతాండావు?"

"సోమవారం పిల్లోళ్ళు వస్తాండారు."

"అయితే పెద్దోళ్ళకు చెప్పెయ్."

చెప్పేయాలి. చెబితే మొదటి ప్రశ్న, మున్సిపాలిటీ పార్కులోకి గొర్రెలు ఎట్లా వచ్చాయని. రెండో ప్రశ్న ఉండదు, ఇంటికి పంపుతారు. చెప్పకపోతే అరవైమంది పిల్లలు, నూట ఇరవై పాదాలు. ఆ లెక్క నా తలలోంచి పోలేదు.

ఆ పూటంతా నీళ్ళు వదిలాను. సాయంత్రం నాలుగింటికి చిన్న గడ్డపార తీసుకుని మధ్యలోంచి మొదలుపెట్టాను. ఒక్కో మొక్కకు జానెడు వేరు. సగం దాకా వచ్చి తెగిందంటే మళ్ళీ తవ్వాలి. చీకటి పడేసరికి రెండు గదులంత జాగా అయింది. పార్కు చూస్తే అరెకరం.

శుక్రవారం సుధ మేడమ్ స్కూటీ మీద జమ్మలమడుగు నుంచి వచ్చింది. అక్కడ బడిలో ఆటల టీచరు, శిబిరానికి ఆమే కోచ్. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో విజిలు, గొంతు కూడా విజిలే. గడ్డి చూసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"అన్నా, బంగారం అన్నా నువ్వు! హైస్కూలు గ్రౌండులో గులకరాళ్ళకు పిల్లల మోకాళ్ళు చిట్లిపోతాండె. ఇది పరుపు."

"మేడమ్, పిల్లోళ్ళు బూట్లేసుకునే గదా ఆడేది?" అన్నాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

"వద్దన్నా. సగం మందికి బూట్లు లేవు. ఉన్నోళ్ళు ఏసుకుంటే లేనోళ్ళు సిగ్గుపడి మానేస్తారు. నా దగ్గర అందరూ ఉత్త కాళ్ళే." కోర్టు కొలిచి సున్నంతో గీతలు గీసి, రెండు కొసలా స్తంభాలు పాతించింది. పోతూ వెనక్కి తిరిగి, "ఏందన్నా, ముఖం అట్లుంది? జ్వరమా?" అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. "ఎండ మేడమ్" అన్నాను.

శనివారానికి కోర్టులో సగం అయింది. నా వేళ్ళు మడవడానికి రావడం లేదు. పార్కు ఎదురింట్లో ఉండే ఖాతూన్‌బీ ఎప్పటిలా వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తోంది. డెబ్భై దాటిన మనిషి. కొడుకూ కోడలూ బంగారు నగల అంగడిలో పనికి పోతే, మనవరాలు మున్నీని ఈమే చూసుకుంటుంది. పోయినేడు మున్నీ శిబిరానికి పోతానని ఏడిస్తే, హైస్కూలుకు మెయిన్ రోడ్డు దాటాలని పంపలేదు. ఈసారి ఇంటి ముందరే అని పంపడానికి ఒప్పుకుంది.

"అరే చెన్నకేశవా, మూడు దినాలుగా నడుము ఎత్తకుండా ఏం ఏరుతాండావు? నీ పెండ్లాం ముక్కుపుడక ఏమన్నా పడిపోయిందా?"

"కలుపు అమ్మా."

"ఇంత కలుపా? మా మున్నీ పరుగు నేర్చుకుంటానంటాది. రమ్మందునా?"

"వద్దు!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "నీళ్ళు పట్టినానమ్మా, జారుతాది. సోమవారం దాకా గడ్డి తొక్కొద్దని చెప్పు."

ఆమె కళ్ళు చిన్నవి చేసి నా చేతుల వైపు చూసింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం అయిదింటికి పిల్లల పేర్లు రాసుకోవడానికి సుధ మేడమ్ మళ్ళీ వచ్చింది. పేర్లు రాసుకోవడమే అన్నారు కదా, ఆట సోమవారం కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. కోర్టులో ఇంకా పావు వంతు మిగిలింది. పిల్లలు దారి మీద వరసగా నిలబడ్డారు, తల్లులు గేటు దగ్గర. ప్రమీలమ్మ కూడా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చుంది.

మున్నీ వంతు అయిపోయింది. పదేళ్ళ పిల్ల, కాలు ఒకచోట నిలవదు. చెప్పులు విదిలించేసి, "మేడమ్, నేనెంత స్పీడో చూడు!" అని గడ్డిలోకి ఉరికింది. సున్నం గీత దాటింది. నేను చెయ్యే పెట్టని వైపు.

"ఆగు!" అని అరిచాను. "మున్నీ, ఆడనే ఉండు! కాలు కింద పెట్టొద్దు!"

పిల్ల ఒంటి కాలి మీద కొంగలా నిలబడిపోయింది.

"ఏందన్నా? పామా?" అంది సుధ మేడమ్.

అంతే. వెనక ఎవరో "పాము!" అన్నారు. ఇంకెవరో "పాము పాము!" అన్నారు. పిల్లలు చెదిరిపోయారు. కొందరు గేటు వైపు, కొందరు ఉయ్యాలల వైపు, ఆ కంగారులో చెప్పులు ఊడిపోయి, నేరుగా గడ్డిలోకి. నేను ఎవరి చెయ్యి పట్టుకోను? ఎవరిని ఆపను?

"పాము కాదు! ఉరకద్దండి! ముండ్లు! గడ్డిలో ముండ్లుండాయి!" గొంతు చినిగేలా అరిచాను. "కంప అది! నేనే ఏసినా! యాడోళ్ళు ఆడ నిలబడండి!"

నిలబడ్డారు. మున్నీని చేతుల మీద ఎత్తుకుని దారి మీదికి తెచ్చాను. ఆమె పాదాలు తిప్పి చూశాను. ఏమీ లేదు. కానీ ఉయ్యాలల దగ్గర ప్రశాంతి అనే పిల్ల కూలబడి మడమ పట్టుకుని ఏడుస్తోంది. ఖాతూన్‌బీ బెంచీ మీది నుంచి లేచి, కొంగుకున్న పిన్నీసు తీసి, ఆ పిల్ల పక్కన కూర్చుని ముల్లు లాగింది. పొట్టి ముల్లే. దాన్ని వేలి కొన మీద పెట్టుకుని నా వైపు చూపించింది.

"ఇదేనా నీ కలుపు?"

తల వంచుకున్నాను.

సుధ మేడమ్‌కు అంతా చెప్పాను. మంద, పెన్న, కంపకాయలు, మిషను. అందరి ముందరా చెప్పాను, దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఆమె ముఖం ఎర్రబడింది.

"మొన్న బూట్ల గురించి అడిగినావే, అప్పుడు తెలుసు గదా నీకు?"

"తెలుసు మేడమ్."

"తెలిసి నన్ను గీతలు గీయనిచ్చినావు." ఆమె ఇంకేదో అనబోయి, పక్కకు పోయి హరినాథ్ సారుకు ఫోన్ చేసింది.

"నా మాటకా గొర్రెలు తోలుకొచ్చినావు?" అని ప్రమీలమ్మ తల పట్టుకుంది. "పిచ్చోడా, నేను రోజూ నలుగుర్ని అంటాంటా. అందరూ ఇట్లే చేస్తే యాడ బతకల్ల?"

అరగంటలో హరినాథ్ సారు వచ్చాడు. నన్ను చూడలేదు. గడ్డిలో కూర్చుని ఒక మొక్కను పట్టి లాగాడు, సగంలో తెగింది. లేచి చేతులు దులుపుకున్నాడు.

"శిబిరం హైస్కూలుకు మార్చేస్తాం మేడమ్. ఈ రాత్రికే ఆటోలో మైకు పెట్టి చెప్పిస్తా."

"అయితే మా పిల్ల రాదు," అంది ఖాతూన్‌బీ. "ఈ వీధిలో ఆడపిల్లలెవరూ రారు. ఆ రోడ్డు మీద లారీలు చూసినావా నువ్వు?"

మున్నీ నానమ్మ చీర పట్టుకుని నన్ను చూస్తోంది. ఆ చూపు కన్నా సారు తిట్టుంటే బాగుండేది.

"సార్," అన్నాను, "పార్కంతా నావల్ల కాదు. కోర్టు మటుకు పొద్దునకు బాగు చేస్తా. మీరే వచ్చి చూడండి."

"గడ్డిలో ఏం కనపడతాది నాకు?"

"చూడొద్దు సార్. నడవండి. ఉత్త కాళ్ళతో."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మాట జారానని తెలిసింది, వెనక్కి తీసుకోలేను.

"సరే. అయిదింటికి వస్తా. కోర్టంతా నడుస్తా. ఒక్కటి గుచ్చుకుందంటే శిబిరం హైస్కూలుకు, నువ్వు ఇంటికి. గుచ్చుకోకున్నా గొర్రెల సంగతి వేరే ఉంది, అది పోదు."

ఆయన పోయాక నేను గడ్డపార తీసుకుని కూర్చున్నాను. కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నట్టయి చూస్తే ఖాతూన్‌బీ. వంటింటి కత్తి తెచ్చుకుంది.

"నీకెందుకమ్మా, మోకాళ్ళు నొప్పి."

"నీ కోసమా? నా మనవరాలి కోసం. జరుగు అవతలికి."

ప్రమీలమ్మ తమ చేన్లో కలుపు తీసే ఆడవాళ్ళను నలుగురిని ఆటోలో పిలిపించింది. తను కుర్చీలోంచి లేవలేదు కానీ, "ఆ మూల వదిలేసినారు చూడు" అని వేలు మాత్రం తిప్పుతూనే ఉంది. సుధ మేడమ్ టైము చూసి, స్కూటీ వైపు చూసి, చున్నీ నడుముకు కట్టుకుని వంగింది. నాతో మాట్లాడలేదు. బాగా చీకటి పడ్డాక పీకడం అయింది. పీకిందంతా గోతాంలో కుక్కి, కోర్టు చుట్టూ తాడు కట్టాను. అందరూ వెళ్ళాక చెప్పులు విడిచి నడిచాను.

మంద వెంట తిరిగే రోజుల్లో ఈ పాదాలతో కంప మీద నడిస్తే కంపే వంగేది. ఇప్పుడు మెత్తబడిపోయాయి. పనికొచ్చింది ఆ మెత్తదనమే, ప్రతి పుల్లా తెలిసింది. అడుగు వెంట అడుగు, గీత నుంచి గీతకు. మూడు దొరికాయి. మూడోది మడమలో విరిగింది, బయటికి రాలేదు.

సోమవారం అయిదింటికి హరినాథ్ సారు వచ్చాడు. తాడు దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టాడు. తెల్లటి పాదాలు, ఎప్పుడూ నేల చూడనివి. గేటు బయట పిల్లలు అప్పుడే చేరుతున్నారు. ఖాతూన్‌బీ మున్నీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఆయన నడవడం మొదలుపెట్టాడు. మొదటి గీత. రెండో గీత. కాలు వేసే ముందు ఆ పాదం కింద ఏముందో నాకు కనపడుతున్నట్టే ఉంది. రెండు స్తంభాల మధ్య తిరిగాడు. ఇంక ఒక్క మూల మిగిలింది, నిన్న చివర్లో చూపు ఆనక తడుముతూ పీకిన మూల. అక్కడ సారు ఆగాడు. కాలు పైకెత్తాడు. వంగి పాదం కింద నుంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

ఆయన దగ్గరికి పోతూ ఉంటే మడమలో ముల్లు కలుక్కుమంది, కుంటకుండా నడిచాను.

"ఏందిది?" అన్నాడు.

చూశాను. ఇంకోసారి చూశాను.

"గులకరాయి సార్."

దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, తాడు అవతలికి విసిరాడు. మిగిలిన మూల కూడా నడిచాడు. బూట్లేసుకుంటూ జేబులోంచి మడిచిన కాగితం తీసి నా చేతికిచ్చాడు. "అనుమతి లేకుండా గొర్రెలెందుకు తోలినావో మూడు దినాల్లో రాసియ్యి. పైవాళ్ళు ఏమంటారో నా చేతిలో లేదు. శిబిరం అయ్యేలోపల తాడు బయట కూడా పీకెయ్యి, ఆడ కూడా నడుస్తా." గేటు వైపు చెయ్యి ఊపాడు. "రానీ వాళ్ళను."

పిల్లలు వచ్చారు. తాడు పక్కన చెప్పులు వరసగా విడిచారు. సుధ మేడమ్ విజిలు వేసింది. గంటన్నర ఆట. నేను కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, ఒక్క కాలు తాడు దాటకుండా. ఎవరైనా కింద పడితే నా గుండె పడేది. లేచి మళ్ళీ ఉరికితే గుండె తిరిగొచ్చేది. జేబులో కాగితం ఉందన్న సంగతి ఆ గంటన్నరా గుర్తుకు రాలేదు.

ఆట అయిపోయాక పిల్లలు చెప్పుల దగ్గరికి వస్తుంటే అడ్డంగా కూర్చున్నాను.

"ఒకరెనక ఒకరు రండి. కాలు చూపిచ్చి చెప్పులేసుకోండి."

సాయంత్రం మంద ఇంటికి వచ్చినప్పుడు మా నాయన దడి వాకిట్లో ఇట్లాగే కూర్చునేవాడు. ఒక్కో గొర్రె గిట్ట ఎత్తి, వేలితో తడిమి, ముల్లు లేకుంటేనే లోపలికి వదిలేవాడు. నాకు తెలిసిన పని ఇదే. ఒక్కో పాదం పట్టుకుని, మట్టి తుడిచి, బొటనవేలితో మడమ నుంచి వేళ్ళ దాకా తడిమాను. పిల్లలకు చక్కిలిగింతలు, ఒకటే నవ్వు. సుధ మేడమ్ దూరం నుంచి చూస్తోంది. అప్పటికీ మాట్లాడలేదు, కానీ పిల్లలను వరసలో నిలబెట్టింది.

ప్రశాంతి వచ్చినప్పుడు నిన్నటి గాయాన్ని ఇంకోసారి చూశాను, ఎర్రగా ఉంది, వాపు లేదు. మున్నీ ఆఖర్న వచ్చింది. రెండు పాదాలూ చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

"మామా, ఇంగ నీది చూపీ," అంది.

"నాదెందుకే?"

"పొద్దున్నుంచి కుంటుతాండావు గదా. నేను చూసినా." వెనక్కి తిరిగి అరిచింది. "దాదీ! పిన్నీసు తే!"